మంచుచేతులు

పెద్దక్క ల్యాబులోకి రాగానే చేసే మొదటి పని బయటి చెప్పులు విప్పి లోపలి చెప్పులు వేసుకోవడం. రెండో పని కళ్లు మూసుకుని ఒక్క క్షణం దేవుణ్ణి తలుచుకోవడం. ఈ రెండోది ఎవరి కంటా పడకుండా చేసేది. చూస్తే ల్యాబులో పనిచేసే పిల్లలు నవ్వుతారని కాదు, "ఏం కోరుకున్నారక్కా?" అని అడుగుతారని. అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర పెద్ద కోరికలేమీ లేవు. ఈ పూట చిన్నదాన్ని పెద్దాడు వదలకుండా పట్టుకుంటే చాలు స్వామీ అనుకునేది, అంతే.

చిన్నది, పెద్దాడు అన్నవి ఆ ల్యాబువాళ్లు ముద్దుగా పెట్టుకున్న పేర్లు. పెద్దాడు ఒక ప్రొటీను. కీళ్లు వాచినప్పుడు ఆ వాపు చల్లారకుండా ఎగదోసే రకం. వాడి ఒంటిమీద ఒక పక్క సన్నటి గాడి ఉంటుంది. వాడి తోడుదొంగ ఇంకొకటి వచ్చి ఆ గాడిలో కూర్చుంటే వాపు రాజుకుంటుంది. ముందుగానే అందులో వేరెవరినైనా కూర్చోబెట్టేస్తే తోడుదొంగకు చోటుండదు. అలా కూర్చోబెట్టడానికి ల్యాబు నడిపే మాస్టారు ఏళ్ల తరబడి ఆలోచించి తయారుచేయించిన పెప్టైడే చిన్నది. పూసలు గుచ్చిన పొట్టి దండలాంటిది. గాడిలో గుంట ఉన్నచోటికి ఉబ్బెత్తు పూస, నీళ్లంటే గిట్టని చోటికి నూనెను ఇష్టపడే పూస, ఇలా ఎక్కడిదక్కడ చూసి గుచ్చిన దండ.

కళ్లూ చెవులూ లేని ఇంత చిన్న వస్తువులు ఒకదాన్నొకటి ఎలా గుర్తుపడతాయన్నది పెద్దక్కకు ఇన్నేళ్ల తర్వాత కూడా ఆశ్చర్యమే. కణం లోపల ప్రొటీన్లు కిక్కిరిసిన బస్సులో జనంలాగా ఒకదాన్నొకటి తోసుకుంటూ తిరుగుతుంటాయి. తనది కానిదాన్ని తాకి వదిలేస్తాయి. తనదాన్ని తాకి ఆగిపోతాయి. ఆ ఆగడం ఎవరు నేర్పారు వాటికి? పుస్తకాల్లో దీనికి జవాబుంది, విద్యుదావేశాలనీ ఆకారాలనీ. అది ఆమెకు కంఠతా వచ్చు. అయినా పొద్దున చెప్పులు మార్చుకునేటప్పుడు ఆమెకు పుస్తకం గుర్తుకు వచ్చేది కాదు.

పెద్దాడు చిన్నదాన్ని పట్టుకున్నాడో లేదో కంటికి కనపడదు. అందుకని చిన్నదాని తోకకు పసుపుపచ్చగా మెరిసే రంగు ఒకటి కట్టేవాళ్లు. ఒంటరిగా ఉంటే ఆ దండ నీళ్లలో గిరగిరా తిరుగుతుంది. పెద్దాడు పట్టుకుంటే వాడి బరువుకు మందగిస్తుంది. ఆ తేడా యంత్రంలో వెలుగుగా తెలుస్తుంది. పెద్దక్క చేతిమీదుగా ఆ వెలుగు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కే లేదు. తెరమీద గీత చక్కగా పైకెక్కి, పైన ఒద్దికగా నిలబడేది. మాస్టారు దాన్ని చూసి "పట్టు చూడమ్మా, పట్టు!" అని మురిసిపోయేవారు.

ఇంటికి వెళ్లగానే అత్తగారు వాచిన మోకాళ్లమీద చేతులు వేసుకుని అడిగేది. "ఏమ్మాయ్, అంటుకుందా?"

"అంటుకుందత్తయ్యా."

"రోజూ అంటుకుంటూనే ఉంటుంది. నా మోకాళ్ల దాకా ఎప్పుడొస్తుందో చెప్పు. నేనుండగానే వస్తుందా, నా ఫోటోకి పూస్తావా?"

ఆ మాటకు బస్సు డ్రైవరైన పెద్దక్క భర్త నవ్వి, "నీకు ముందు సీటు రిజర్వు చేసిందిలేవే అమ్మా, కంగారుపడకు" అనేవాడు.

ఇంత సవ్యంగా సాగుతున్న ల్యాబులోకి ఒక అమ్మాయి కొత్తగా వచ్చింది. సన్నగా, పొడుగ్గా, మాట్లాడేముందు ఒక్క క్షణం ఆగే పిల్ల. మాస్టారు ఆ పిల్లకు వేడి కొలిచే యంత్రం అప్పగించారు. రెండు అణువులు ఒకదాన్నొకటి పట్టుకున్నప్పుడు ఇంతంటే ఇంత వేడి పుడుతుంది. పెద్దాణ్ణి గిన్నెలో పోసి, చిన్నదాన్ని చుక్కచుక్కగా వదులుతూ పోతే, ఆ యంత్రం వేడిని పట్టి గీత గీస్తుంది. దీనికి రంగుతో పనిలేదు. చిన్నది ఎలా పుట్టిందో అలాగే వెళ్లవచ్చు.

ఆ అమ్మాయి వదిలింది. గీత కదల్లేదు. మళ్లీ వదిలింది. చెరువు మీద గాలిలేని పూటలా గీత చదునుగా పడుకుంది.

"కొన్ని కలయికలకు వేడి పుట్టదమ్మా, అదీ ఉంటుంది" అన్నారు మాస్టారు మొదట్లో. అది నిజమే. అయితే అలాంటి కలయిక కూడా చుట్టూ ఉన్న వేడిని మార్చి చూస్తే బయటపడుతుంది. ఆ అమ్మాయి మార్చి చూసింది. గీత మళ్లీ పడుకునే ఉంది. అప్పటినుంచి మాస్టారు యంత్రం సంగతి మాట్లాడటం మానేసి, అమ్మాయి సంగతి మాట్లాడటం మొదలుపెట్టారు.

"నువ్వొకసారి దగ్గరుండి చూడమ్మా. ఎక్కడో చెయ్యి తప్పుతోంది" అన్నారు పెద్దక్కతో.

పెద్దక్క దగ్గరుండి చూసింది. తూకం చూసింది, పిపెట్ పట్టుకోవడం చూసింది. తప్పేమీ కనపడలేదు. కనపడకపోయేసరికి ఆమెకు చిరాకేసింది. తప్పు లేకుండా తప్పెలా వస్తుంది? సింకు దగ్గర చేతులు కడుక్కుంటున్న అమ్మాయి చేతుల్ని పట్టుకుని, "అయ్యో, ఇవి చేతులా మంచుగడ్డలా! వేడెక్కడ పుడుతుందే? చూడండర్రా, మన మంచుచేతులు!" అంది. అందరూ విరగబడి నవ్వారు. ఆ అమ్మాయీ నవ్వింది, అందరికంటే కాస్త ఆలస్యంగా. ఆ పేరు నిలిచిపోయింది.

"మంచుచేతులూ, ఈ ఐస్ డబ్బా కాస్త పట్టుకో. ఐసు లేకపోయినా పర్లేదు."

"మంచుచేతులు ముట్టుకుంటే సెంట్రిఫ్యూజు కూడా జలుబు చేసి తుమ్ముతోందిరా."

ఒకరోజు మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని తింటున్నప్పుడు ఆ అమ్మాయి పెద్దక్క పక్కకు జరిగి కూర్చుంది.

"అక్కా, ఒక్కసారి మీరు రంగు లేకుండా చేసి చూడండి."

"రంగు లేకపోతే మాకు కనపడదు కదే."

"అందుకే అంటున్నా."

"అంటే? ఇన్నేళ్లుగా మాకు కనపడుతున్నది చిన్నది కాదా?"

అమ్మాయి ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగింది. "నాకు తెలీదక్కా. కానీ రంగున్నప్పుడు మాత్రమే అంటుకునేదాన్ని ఏమనాలి?"

"నీ చేతిలో పడితే చచ్చిపోయేదాన్ని ఏమనాలో అదే అనాలి" అంది పెద్దక్క. చుట్టూ ఉన్నవాళ్లు మళ్లీ నవ్వారు. ఆ అమ్మాయి చల్లారిన అన్నం కలుపుకోసాగింది.

ల్యాబులో కొత్తగా చేరినవాళ్లను కొంతకాలం పోయాక ముగ్గురు పెద్దలు కూర్చుని పరీక్షిస్తారు. ఉండనివ్వాలా, పంపేయాలా అన్నది ఆ రోజే తేలుతుంది. ఆ అమ్మాయి వంతు వచ్చింది. చేతిలో చదునుగీతలు తప్ప మరేమీ లేవు. ఆ వారమంతా ల్యాబులో అందరూ ఆ పిల్లతో కొంచెం ఎక్కువ మర్యాదగా మాట్లాడారు. రోగిష్టి మనిషితో మాట్లాడినట్టు.

పరీక్షకు ముందురోజు పొద్దున పెద్దక్క ఎప్పటిలాగే ఫ్రీజర్లోని తమ డబ్బాలోంచి, మూత చూడకుండానే, చిన్నదాన్ని తీసి, పెద్దాడితో కలిపి, యంత్రంలో పెట్టింది. గీత చక్కగా పైకెక్కింది. ఒద్దికగా నిలబడింది. ఆమె చేతి తొడుగులు విప్పుతుండగా పక్కగది పరిశోధకుడు తలుపు దగ్గర నిలబడి తల గోక్కున్నాడు. రెండు గదులకూ ఫ్రీజరు ఒక్కటే.

"అక్కా, మా పచ్చరంగు పెప్టైడేమైనా మీ డబ్బాలోకి వలసొచ్చిందా? మూతమీద రాసింది స్పిరిటు తగిలి చెరిగిపోయింది. మూత అంచున చిన్న సొట్ట ఉంటుంది చూడండి."

పెద్దక్క బల్లమీద ఉన్న ట్యూబు తీసి చూసింది. మూత అంచున సొట్ట ఉంది.

"ఇదేనా?"

"ఇదే, ఇదే! హమ్మయ్య. వాడేశారా ఏంటి కొంపదీసి?"

"ఒక్క చుక్క."

"పోనీలెండి, మీ పెద్దాడికి మా పిల్లను రుచి చూపించారన్నమాట. నచ్చిందా?"

అతను నవ్వుకుంటూ ట్యూబు పట్టుకుని వెళ్లిపోయాడు. పెద్దక్కకు నవ్వు రాలేదు. అతని పెప్టైడు వేరే పనికోసం చేసింది. పూసలు వేరు, వరస వేరు, పొడుగు కూడా వేరు. పెద్దాడి గాడిలో అది కూర్చోవడానికి ఏ దారీ లేదు. దానికీ చిన్నదానికీ ఉన్న పోలిక ఒక్కటే, తోకకు కట్టిన రంగు.

తెరమీద గీత ఇంకా అలాగే ఉంది, బుద్ధిమంతురాలిలా.

ఆమె ఫ్రీజరు తెరిచింది. చిన్నది ఉన్న ట్యూబు డబ్బా మూలన, మూత తీయకుండా, తన చేతిరాతతో ఉంది. అలమర వెతికి, ఏ ప్రొటీనుకూ చెందని పిచ్చి దండ ఒకటి, ఒకే రకం పూసను వరసగా గుచ్చినది, అదే రంగు కట్టినది, బయటికి తీసింది. దాన్ని కలిపింది. గీత పైకెక్కింది. మళ్లీ కలిపింది. మళ్లీ ఎక్కింది. ఈసారి రంగు లేని చిన్నదాన్ని బోలెడంత పోసి చూసింది. అది గాడికి హక్కుదారైతే రంగుదాన్ని గెంటేసి వెలుగు తగ్గించాలి. తగ్గలేదు. పెద్దాడి మీద కూర్చున్నవాళ్లెవరూ కదల్లేదు.

ఆమె స్టూలుమీద కూలబడింది. విడి రంగును మొదట్లోనే పరీక్షించారు. విడిగా ఉన్నప్పుడు అది నీళ్లతోనే పోయింది, పెద్దాడి జోలికి వెళ్లలేదు. కాబట్టి రంగు ఎవరి జోలికీ పోదని రాసుకుని నిశ్చింతగా ఉన్నారు. ఏదో ఒక దండ తోకకు కట్టినప్పుడు మాత్రం అది పోయి పెద్దాడి గాడి పక్కన, ఎవరూ పట్టించుకోని జిడ్డుచోట అతుక్కుంటోంది. ఇన్నేళ్లూ పెద్దాడు పట్టుకున్నది చిన్నదాన్ని కాదు, చూడటం కోసం తాము కట్టిన రంగును.

మంచుచేతుల్లో వేడి పుట్టకపోవడానికి కారణం, పుట్టవలసింది ఏమీ లేకపోవడం.

మాస్టారి గదిలో కిటికీ పక్కన రంగురంగుల తీగలతో చేసిన పెద్దాడి బొమ్మ ఉండేది. పెద్దక్క చెప్పినంతసేపూ ఆయన ఆ బొమ్మవైపే చూస్తున్నారు. ఆమె ఇరవైలలో ఉన్నప్పుడు ఇదే గదిలో మొదటి ఫలితం పట్టుకుని పరిగెత్తుకొస్తే ఆయన అడిగిన మొదటి మాట "మళ్లీ చేశావా?" తర్వాత ఏ ఫలితం తెచ్చినా ముందు ఆ మాటే. ఈ మాటకు జవాబు సిద్ధం చేసుకునే ఆమె వచ్చింది.

ఆయన అడిగింది అది కాదు.

"ఎవరికైనా చెప్పావా అమ్మా?"

"లేదు మాస్టారూ."

ఆయన కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. అద్దాలు లేకపోతే ఆయన ఎవరో ఇంటి తాతయ్యలా ఉంటారు. "రేపు ఆ ముగ్గురి ముందూ ఇది పడితే ఏమవుతుందో తెలుసా? ఆ పిల్ల ఒక్కతే కాదు, మనందరం లేచిపోవాలి. ల్యాబుకి తాళం. నువ్వు, మిగతా పిల్లలు... అందరూ నా మాట నమ్మి వచ్చినవాళ్లు."

"ఆ అమ్మాయి కూడా మీ మాట నమ్మే వచ్చింది కదండీ."

"చిన్నపిల్ల, ఎక్కడైనా బతుకుతుంది. చెప్పొద్దని నేననను. ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో నాకు వదిలెయ్. మనమే కనిపెట్టి, మనమే చెప్పినట్టు ఉండాలి. కాస్త టైమివ్వు." ఆయన అద్దాలను చొక్కా అంచుతో తుడిచారు. "నా కూతురుకన్నా ఎక్కువగా చూసుకున్నాను నిన్ను."

అది అబద్ధం కాదు. అందుకే ఆమె తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది.

సాయంత్రం ఇంట్లో అత్తగారు "అంటుకుందా?" అంటే, పెద్దక్క "అంటుకుంది" అని లోపలికి వెళ్లిపోయింది. కూరగాయలు తరుగుతుంటే భర్త వచ్చి గడపమీద కూర్చున్నాడు. జరిగింది చెప్పింది. అతను విని, కాసేపు గోరుతో గడప గీకాడు.

"రేపు నిన్నడిగితే చెప్తావా?"

"అడిగితే చెప్తాను."

"అడక్కపోతే?"

ఆమె ఇంకో వంకాయ తీసుకుని గబగబా తరిగింది. అతను రెట్టించలేదు. "చెయ్యి చూసుకో, కోసుకుంటావ్" అని లేచి వెళ్లాడు.

మర్నాడు పొద్దున చెప్పులు మార్చుకుంటూ పెద్దక్క కళ్లు మూసుకుంది. ఎప్పుడూ చిన్నదాని కోసమే అడిగే మనిషి, ఆ పూట తనకోసం అడిగింది. స్వామీ, వాళ్లు నన్నేమీ అడగకుండా చూడు. అంతకన్నా పెద్ద కోరిక కోరి ఉండవచ్చు. నా నోట నిజం పలికించు అని అడిగి ఉండవచ్చు. అది నోటిదాకా వచ్చిందో లేదో, వస్తే ఎందుకు మింగిందో, ఆ పైవాడికే తెలియాలి.

ఆయన ఆ చిన్న కోరిక కూడా తీర్చలేదు.

పొడుగాటి బల్లకు అటు ముగ్గురు పెద్దలు. అందులో ఒకావిడ, తెల్లజుట్టు బిగించి కట్టుకున్నావిడ, మాట కత్తిలా ఉంటుంది. ఇటు మాస్టారు, పెద్దక్క. చివర కుర్చీలో ఆ అమ్మాయి. తెరమీద ఒకటి తర్వాత ఒకటి చదునుగీతలు. అమ్మాయి నెమ్మదిగా, తడబడకుండా చెప్పింది. "రంగు లేని పెప్టైడుతో ఎన్ని రకాలుగా చూసినా పట్టు కనపడలేదు. నా లెక్క ప్రకారం, పట్టు లేదు."

"అంటే ఈ ల్యాబు ఇన్నేళ్లుగా చూపిస్తున్నదంతా తప్పంటావా?" అంది తెల్లజుట్టావిడ.

"తప్పని కాదండీ. ఒకసారి వేరే దారిలో చూడాలంటున్నాను."

ఆవిడ మాస్టారి వైపు తిరిగింది. "కష్టపడే పిల్లే" అన్నారు మాస్టారు, అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనకుండా. అప్పుడావిడ పెద్దక్క వైపు తిరిగింది.

"దగ్గరుండి పని నేర్పింది మీరే కదా. మీరు చెప్పండి. లోపం ఎక్కడుంది?"

అమ్మాయి కూడా తలెత్తి పెద్దక్కను చూసింది. ఆ చూపులో భయం లేదు. మన అక్కే కదా అన్న నిమ్మళం ఉంది. పెద్దక్క ఆ చూపుని తప్పించి మంచినీళ్ల గ్లాసు వైపు చూసింది. మాస్టారి వేళ్లు బల్ల అంచుని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆమె నోట్లో రెండు మాటలూ ఉన్నాయి. ఏది ముందొస్తే అది బయటపడుతుంది.

"మంచి పిల్లండీ" అంది. "ఇంకొన్నాళ్లు టైమిస్తే... చెయ్యి కుదురుకుంటుంది."

మేలు చేస్తున్నాననే అనుకుంది ఆ క్షణాన. తిట్టలేదు కదా, టైమివ్వమనే కదా అన్నది. కానీ చెయ్యి కుదురుకోవాలి అన్నారంటే, చెయ్యి కుదురుగా లేదన్నట్టే. ముగ్గురు పెద్దలూ తలలు ఊపారు. ఆ అమ్మాయి తన చేతులు తను చూసుకుంది, వాటిని మొదటిసారి చూస్తున్నట్టు.

సాయంత్రానికి తేలిపోయింది. అమ్మాయి తన బల్ల తుడిచి, పిపెట్లు వరసగా పెట్టి, కోటు మడిచి మేకుకు తగిలించింది. ఎవరో అలవాటుగా "మంచుచేతులూ..." అనబోయి నాలిక్కరుచుకున్నారు. వెళ్లేముందు పెద్దక్క దగ్గరికి వచ్చింది.

"వెళ్లొస్తానక్కా. మీరు టైమివ్వమని అడిగారు. చాలా థాంక్స్."

పెద్దక్క ఆ అమ్మాయి భుజంమీద చెయ్యి వేయబోయి, తన వేళ్ల చివర పచ్చగా ఏదో అంటి ఉండటం చూసి, చెయ్యి వెనక్కి తీసుకుంది.

కొన్ని నెలలు గడిచాక మాస్టారు మాట నిలబెట్టుకున్నారు. చెప్పారు. పెద్ద హాలులో, వేదిక మీద నిలబడి చెప్పారు. పరిశోధనలో రంగులు ఎంత మోసం చేయగలవో, తమ ల్యాబు తన తప్పుని తనే ఎలా పట్టుకుందో, ఎంత వినయంగా చెప్పారంటే ముందు వరసలో ఒకాయన కళ్లు తుడుచుకున్నాడు. తెరమీద సాక్ష్యంగా పక్కగది పెప్టైడు వచ్చింది, పిచ్చి దండ వచ్చింది. అన్నిటికన్నా బలమైన సాక్ష్యంగా చివర్లో చదునుగీతలు వచ్చాయి. చెరువు మీద గాలిలేని పూటలు. "ఇవి మా ల్యాబులో అప్పటికే ఉన్న ఫలితాలు" అన్నారు మాస్టారు. చప్పట్లు మారుమోగాయి. ల్యాబుకి తాళం పడలేదు. ఇంకో గది కూడా ఇచ్చారు.

"వ్యాసం పత్రికకు వెళ్లిపోయిందమ్మా. నీ పేరే ముందు పెట్టాను" అన్నారు మెట్లు దిగుతూ.

"ఆ అమ్మాయి పేరు?"

"చివర్న కృతజ్ఞతల్లో ఉందిగా."

పెద్దక్క మెట్లమీదే ఆగిపోయింది. ఆయన రెండు మెట్లు దిగి, వెనక్కి తిరిగి, "మోకాళ్లు నొప్పా అమ్మా?" అని అడిగారు. నిజంగా ఆదుర్దాగానే అడిగారు.

మర్నాడు ఆమె తెల్లజుట్టావిడ గదికి వెళ్లింది. కూర్చోకుండానే చెప్పింది. "ఆ అమ్మాయి పరీక్షకు ముందురోజే నాకు తెలుసండీ. తెలిసీ చెయ్యి కుదరలేదన్నాను." శిక్ష ఏదైనా వేస్తారని కాదు, కనీసం ఆ కత్తిలాంటి మాట ఒకటి తనమీద పడితే బాగుండుననుకుంది. ఆవిడ పెన్ను మూతపెట్టి, లేచి వచ్చి, పెద్దక్క చేతులు పట్టుకుంది.

"ఈ రోజుల్లో ఇలా వచ్చి చెప్పేవాళ్లు ఎంతమంది ఉన్నారండీ! మీలాంటివాళ్లు ఉండబట్టే ఈ చోటు నిలబడింది."

"ఆ అమ్మాయిని మళ్లీ..."

"ఆ ఖాళీ ఎప్పుడో నిండిపోయింది. జరిగిందేదో జరిగిపోయింది, ఇప్పుడు కెలికి ఏం లాభం? మీరు మనసు కష్టపెట్టుకోకండి."

తప్పు చెప్పుకోవడానికి వెళ్లి మెప్పు తెచ్చుకుంది. అది కూడా ఎక్కడో ఒక జిడ్డుచోట అతుక్కుంది, ఎంత కడిగినా పోకుండా.

ఆ అమ్మాయి ఇప్పుడు వాళ్ల పిన్ని నడిపే కళ్లద్దాల షాపులో పనిచేస్తోందని తెలిసి, భర్త నడిపే బస్సెక్కే వెళ్లింది పెద్దక్క. రెండు పక్కలా అద్దాలు బిగించిన ఇరుకు షాపు. ఎటు చూసినా తన మొహమే కనపడుతోంది. అమ్మాయి దీపం కింద వంగి, ఆవగింజంత స్క్రూని కళ్లజోడు కీలులో బిగిస్తోంది. చెయ్యి రవ్వంత కూడా కదలడం లేదు.

"మా పిల్ల చెయ్యి పడితే స్క్రూ జారదండీ" అంది పిన్ని గల్లాపెట్టె దగ్గర్నుంచి, ఎవరో కొనడానికి వచ్చారనుకుని. "ఎంత పాత జోడైనా ఇవ్వండి."

అమ్మాయి తలెత్తింది. మొహం విప్పారింది. "అక్కా! మీరా? పిన్నీ, మా ల్యాబులో పెద్దక్క అని చెప్పేదాన్ని చూడు, వీరే. అందరూ నన్ను తీసిపారేస్తే ఈవిడొక్కరే టైమివ్వమని అడిగారు. కూర్చోండక్కా. మంచినీళ్లు తాగుతారా? అత్తయ్యగారి మోకాళ్లు ఎలా ఉన్నాయి?"

పెద్దక్క కూర్చుంది. మాస్టారు హాలులో చెప్పిందంతా చెప్పింది. నువ్వన్నదే నిజమని తేలిందని చెప్పింది. అమ్మాయి శ్రద్ధగా వింది.

"పోనీలెండక్కా. అప్పుడు మీకెవరికీ తెలీదు కదా. నాకే సరిగా తెలీదు, ఏదో అనుమానం, అంతే. తెలీక అన్నారు, మీరేం చేస్తారు?" అంది. "నిజం చెప్పనా? ఇక్కడికొచ్చాక రోజూ నా చేతులు చూసుకునేదాన్ని, ఏం లోపముందా అని. ఇప్పుడింక చూసుకోనక్కరలేదు."

అక్కడితో లేచి వచ్చేసి ఉండవచ్చు. అమ్మాయి ఆమెకు తలుపు తీసి పట్టుకుంది కూడా, తెలియక అన్నారు అనే తలుపు. దేవుడు పంపిన దయలా ఉంది ఆ మాట. కానీ ఆ రోజు బల్ల దగ్గర ముందొచ్చిన మాట ఏదో, మింగిన మాట ఏదో ఆమెకు తెలుసు. ఈసారి మింగలేకపోయింది.

"నాకు తెలుసే" అంది. "ముందురోజే తెలిసింది. నాకూ, మాస్టారికీ. తెలిసే అన్నాను."

అమ్మాయి ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణం సాగింది. షాపు బయట ఎవరో సైకిలు స్టాండు వేస్తున్న చప్పుడు వినపడింది. అమ్మాయి చేతిలోని స్క్రూ జారి, అద్దం బల్లమీద పడి, దొర్లి, ఎక్కడో కిందికి పోయింది. పిన్ని "అయ్యో" అంది.

పెద్దక్క వెంటనే వంగి, మోకాళ్లమీద కూర్చుని నేలంతా తడిమింది. ఎంత తడిమినా చేతికి తగల్లేదు. పైనుంచి అమ్మాయి గొంతు వినపడింది, చాలా మర్యాదగా.

"వదిలెయ్యండి మేడం. మీకు దొరకదు. నేను చూసుకుంటాను."

తిరుగు బస్సులో డ్రైవరు సీటు వెనకే కూర్చుంది పెద్దక్క. రెండు స్టాపులు దాటాక అతను అద్దంలోంచి చూసి అడిగాడు.

"ఏమంది?"

"మేడం అంది."

అతను గేరు మార్చాడు. వచ్చే స్టాపులో జనం తోసుకుంటూ ఎక్కారు. ఆమె కళ్లు మూసుకుంది, కానీ ఏం కోరుకోవాలో తెలియలేదు.